పాఠం చెప్పేవాళ్ళం మనం ఎప్పుడు నేర్చుకుంటున్నాం? మిరప, పత్తి ఊళ్ళలో పనిచేసే రైతు శిక్షకుల కోసం



ఇప్పటిదాకా ఈ బ్లాగులో ద్రవజీవామృతం, నవధాన్యాలు, విత్తనశుద్ధి, ఎర పంటలు అంటూ రైతులకి పనికొచ్చే పాఠాలు పెట్టుకుంటూ వచ్చాం. ఈ వారం పాఠం మాత్రం రైతులకి పాఠం చెప్పేవాళ్ళ కోసం. సీఆర్పీలు, ఐసీఆర్పీలు, కృషి సఖులు, పీజీఎస్ గ్రూపుల్లో పక్క రైతు పొలం చూసి సంతకం పెట్టేవాళ్ళు, వీడియో తీసి ఊళ్ళో చూపించేవాళ్ళు, అందరూ ఇందులోకే వస్తారు. మనం రెండు పనులు చేస్తున్నాం. ఒకటి నేర్పటం. రెండు, నేర్చుకున్నది రైతు సరిగ్గా చేస్తున్నాడో లేదో చూసి రాయటం. ఈ రెండు పనుల్లో మనం ఏడాదికేడాది మెరుగవుతున్నామా, లేక మొదటి శిక్షణలో రాసుకున్న నోటుబుక్కు మీదే నడుస్తున్నామా? ఈ పాఠం దాని గురించే.

పైన ఉన్న వీడియోలో పొలంలో చేసి చూపించినవన్నీ ఉన్నాయి. ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముందు ఇది చదివి, తర్వాత వీడియో చూస్తే బాగా అర్థమవుతుంది.

నేను తప్పిన పాఠం

2021 డిసెంబరు మొదటి వారం. పర్చూరు పక్కన నల్లరేగడిలో, నేను చూసే ఊళ్ళో ఒక పిన్ని ఎకరంన్నర మిరప వేసింది. సొంత పిన్ని కాదు, వీధి వరస. ఆకు ముడుచుకుపోతోందని ఫోన్ చేసింది. వెళ్ళాను. గట్టు మీద నుంచే చూశాను. ఆకులు పైకి ముడుచుకుని పడవల్లా ఉన్నాయి. నాకు కంఠతా వచ్చిన పాఠం ఒకటుంది: పై ముడత అయితే తామర పురుగు, కింది ముడత అయితే నల్లి. వెంటనే నీమాస్త్రం కొట్టమన్నాను. వారం తర్వాత ఇంకోసారి అన్నాను. పుస్తకంలో "పొలం చూశాను, సలహా ఇచ్చాను" అని రాసి సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

పది రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాను.

"ఏమ్మాయ్, నువ్వు చెప్పినట్టే కొట్టాంగా. చెట్టు పచ్చగానే ఉంది, పూతే నిలవటం లేదు. కింద చూడు ఎంత రాలిందో" అంది.

నిజమే. చెట్టు మొదట్లో పూత పరుచుకుని ఉంది. పిన్ని ఒక పువ్వు తుంచి అరచేతిలో తట్టింది. నల్లగా, సన్నగా, దారపు ముక్కల్లాంటి పురుగులు అరచేతిలో అటూ ఇటూ పరుగెత్తాయి.

"ఇయ్యేందమ్మాయ్?" అంది.

నా దగ్గర సమాధానం లేదు. మొదటిసారి వచ్చినప్పుడు నేను ఒక్క పువ్వు కూడా విప్పి చూడలేదు. తామర పురుగంటే ఆకు మీద చూడాలి అన్నదే నా పాఠం. పువ్వులో చూడాలని ఆ పాఠంలో లేదు.

ఆ పురుగు పేరు తర్వాత అందరికీ తెలిసింది. త్రిప్స్ పార్విస్పైనస్, మన వాళ్ళు నల్ల తామర పురుగు అంటున్నారు. మన దేశంలో దీన్ని మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించారు. 2021 చివర్లో గుంటూరు, ప్రకాశం, ఖమ్మం వైపు మిరప తోటల మీద ఒక్కసారిగా పడింది. మనకి ముందు నుంచీ తెలిసిన తామర పురుగు ఎక్కువగా లేత ఆకుల మీద ఉంటుంది. ఇది పువ్వులోకి దూరి గీకి తింటుంది. దాంతో పూత రాలిపోతుంది, నిలిచిన కాయ గారపట్టి వంకర్లు పోతుంది.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. నేను మొదటి రోజే పువ్వు విప్పి చూసి ఉంటే ఆ పూత మొత్తం నిలిచేదని అనను. ఆ ఏడాది అప్పు చేసి మరీ రకరకాల మందులు కొట్టినవాళ్ళకీ పూత నిలవలేదు. కానీ పిన్ని పది రోజులు పోగొట్టుకుంది. రెండు సార్లు కూలీ పెట్టింది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టుకునే సమయం పోయింది. పక్క చేలవాళ్ళని హెచ్చరించే సమయం కూడా పోయింది. అదంతా నా పుస్తకంలో "సలహా ఇచ్చాను" అన్న ఒక్క ముక్క కింద దాక్కుంది. ఆ పేజీ ఎవరు తనిఖీ చేసినా నాకు పూర్తి మార్కులే వేస్తారు.

అందుకే అంటున్నాను, రైతు పొలం చూసినంత జాగ్రత్తగా మన పని కూడా మనం చూసుకోవాలి.

పాఠం ఎందుకు పాతబడుతుంది?

మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, కొత్త పురుగు వస్తుంది. నల్ల తామర పురుగు సంగతి చెప్పాను.

రెండోది, పాత పురుగే మారుతుంది. మన ప్రాంతానికి ఇది కొత్త కథ కాదు. 1980ల్లో మన పత్తిలోకి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో బ్రహ్మాండంగా పనిచేశాయి. ఒక దశ దాటాక తెల్లదోమ పెరిగిపోయింది. 1987లో శనగపచ్చ పురుగు ఆ మందులకి లొంగటం లేదని మన కోస్తా జిల్లాల పత్తిలోనే బయటపడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు జరిగాయి. అప్పుడు రైతుకి సలహా ఎక్కువగా మందుల కొట్టు నుంచే వచ్చేది. "పోయినేడు పనిచేసింది, ఈసారి డోసు పెంచు" అన్నదే సలహా. సలహా చెప్పేవాడు కొత్తగా నేర్చుకోకపోతే నష్టం రైతు నెత్తిన పడుతుందని మన నేల మీదే తేలింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక "ఇక కాయ తొలిచే పురుగు భయం లేదు" అన్నారు. తర్వాత గులాబీ రంగు పురుగు దానికీ అలవాటు పడింది. ఇవాళ బీటీ చేనులోనూ గుడ్డి పూలు వెతకాల్సిందే, లింగాకర్షక బుట్టలు పెట్టాల్సిందే.

మూడోది, మన జ్ఞాపకం జారుతుంది. ఇది మనం ఒప్పుకోం. మనలో చాలామంది 2018 జనవరి మొదటి వారంలో గుంటూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయంలో జరిగిన సుభాష్ పాలేకర్ గారి శిక్షణకి వెళ్ళినవాళ్ళమో, లేక వెళ్ళొచ్చినవాళ్ళ దగ్గర నేర్చుకున్నవాళ్ళమో. నేర్చుకున్నది ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి వెళ్ళేసరికి కొలతలు మారిపోతాయి. 200 లీటర్ల నీళ్ళకి 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి అని మనందరికీ తెలుసు కదా. పోయిన ఏడాది ఆరుగురు శిక్షకులం కూర్చుని, ఎవరికి వాళ్ళం కాగితం మీద రాశాం. ఆరు కాగితాలూ ఒకేలా లేవు. ఒకరు గట్టు మట్టి రాయలేదు. ఇంకొకరు ఏ పిండైనా పర్లేదని రాశారు. మరొకరు ఎన్ని గంటలు నిల్వ ఉంచాలో రాయలేదు. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. పిండి విషయం రాసింది నేనే.

2024 నవంబరు 25న కేంద్ర ప్రభుత్వం జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కి ఆమోదం ఇచ్చింది. అందులో 15,000 క్లస్టర్లు, కోటి మంది రైతులు, 30,000 మంది కృషి సఖులు, సీఆర్పీలు అని పెట్టుకున్నారు. లెక్క వేస్తే ఒక్కొక్కరి మాట 300 మందికి పైగా రైతుల దగ్గరికి వెళ్తుంది. ఒక శిక్షకురాలి నోటుబుక్కులో ఒక తప్పు ఉంటే అది ఎన్ని చేలల్లోకి వెళ్తుందో మీరే ఊహించుకోండి.

చూశాను అంటే ఏం చూశాను?

ఇప్పుడు రెండో పని సంగతి, అంటే మదింపు. రైతు పద్ధతి పాటిస్తున్నాడా లేదా అని రాసే పని.

ఒకప్పుడు నేను చేసిన తీరు ఇది. ఇంటి ముందు నీలం డ్రమ్ము కనపడితే "ద్రవజీవామృతం: అవును" అని టిక్కు పెట్టేదాన్ని. ఒకరోజు ఒక బాబాయ్ ఇంట్లో డ్రమ్ము మూత తీసి చూస్తే అందులో తాగే నీళ్ళు ఉన్నాయి. అంతకుముందు రెండు సీజన్లు నేను అక్కడ టిక్కు పెట్టి ఉన్నాను. బాబాయ్ అబద్ధం చెప్పలేదు. నేను అడగలేదు, అంతే.

అప్పటి నుంచి ఒక్కో పద్ధతికి నాలుగు రుజువుల్లో కనీసం రెండు లేకుండా టిక్కు పెట్టటం మానేశాను.

1. కళ్ళతో చూడటం. డ్రమ్ము కాదు, డ్రమ్ములో ఉన్నది. వాసన చూడాలి, మీద నురగ చూడాలి.

2. చేయించి చూడటం. "చేశావా?" అని కాకుండా "ఒకసారి కలిపి చూపించు పిన్నీ" అనటం. చేతులు చెప్పినంత నిజం నోరు చెప్పదు.

3. కారణం అడగటం. "పిండి ఎందుకు వేస్తారు? ఎండలో ఎందుకు పెట్టకూడదు?" కారణం తెలిసినవాళ్ళు నేను లేకపోయినా సరిగ్గా చేసుకుంటారు.

4. రాతలో ఉన్నది. ఎప్పుడు చేశారు, ఎంత పోశారు, ఖర్చు ఎంత. పుస్తకం లేకపోతే ఇంట్లో క్యాలెండరు మీద పెట్టిన గుర్తయినా చాలు.

ఇంకొక సంగతి. మనం నేర్పినవాళ్ళని మనమే ఒంటరిగా మదింపు చేయకూడదు. వాళ్ళు ఫెయిలైతే మనం ఫెయిలైనట్టు అనిపిస్తుంది. తెలియకుండానే చేయి టిక్కు వైపు వెళ్తుంది. బంధువుల పొలం అయితే చెప్పనే అక్కర్లేదు. పీజీఎస్ ఇండియా పద్ధతిలో కనీసం ఐదుగురు రైతులు ఒక గ్రూపుగా ఏర్పడి ఒకరి పొలం ఇంకొకరు చూసుకోవటం ఉంది. దాని బలం అంతా ఒకరికి బదులు నలుగురు చూడటంలోనే ఉంది. నలుగురూ టీ తాగి సంతకాలు పెట్టేస్తే ఆ సర్టిఫికెట్ వట్టి కాగితం. రేపు కొనేవాడు కాయ పరీక్ష చేయిస్తే ఒక్కడి తప్పుకి గ్రూపు మొత్తం తల దించుకోవాలి.

మనల్ని మనం పదును పెట్టుకునే ఐదు పనులు

1. ఒకే పొలం, ఇద్దరు, విడివిడిగా

ఇది మదింపు చేసేవాళ్ళకి అన్నింటికంటే ముఖ్యమైన అభ్యాసం. వీడియోలో మొదట చూపించింది ఇదే. ఇద్దరు శిక్షకులు ఒకే మిరప తోటలోకి వెళ్ళాలి. ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. ఇద్దరూ తలా 10 మొక్కలు చూడాలి. ఒక్కో మొక్కకి ఒక పువ్వు తెల్ల కాగితం మీద తట్టి, పురుగు ఉందా లేదా రాయాలి. బయటికి వచ్చాక రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాలి.

మేము చేసినప్పుడు ఒకరికి 10లో 3 వచ్చాయి, ఇంకొకరికి 7 వచ్చాయి. ముందు వాదులాడుకున్నాం. తర్వాత మళ్ళీ తోటలోకి వెళ్ళి ఎవరు ఎక్కడ నడిచారో చూసుకున్నాం. 3 వచ్చినవాళ్ళు గట్టు వెంబడి నడిచారు. 7 వచ్చినవాళ్ళు తోట మధ్యలోకి అడ్డంగా నడిచారు. ఇద్దరూ నిజమే రాశారు, కానీ ఇద్దరూ చూసింది వేరు వేరు తోట. అప్పటి నుంచి మా గ్రూపుకి ఒక నియమం పెట్టుకున్నాం: గట్టు నుంచి కనీసం పది అడుగులు లోపలికి వెళ్ళి, మూల నుంచి మూలకి నడుస్తూ చూడాలి.

ఈ తేడా బయటపడటమే మన లాభం. తేడా వచ్చినప్పుడు చిన్నబుచ్చుకోవద్దు.

2. పుల్లల పరీక్ష

దీనికి చరిత్ర ఉంది. 1989లో ఇండోనేషియాలో వరిలో సుడిదోమ బెడద మీద ఎఫ్‌ఏఓ సాయంతో రైతు పొలం బడులు మొదలయ్యాయి. అక్కడ శిక్షకులకి ముందు ఒక సీజన్ మొత్తం పొలంలోనే శిక్షణ ఇచ్చారు. వాళ్ళే నారు పోసి, నాటి, కోసి, ఆ తర్వాతే రైతుల దగ్గరికి వెళ్ళారు. మన రాష్ట్రంలో 2004 నుంచి సెర్ప్ ద్వారా పురుగుమందులు లేని సాగు పని మొదలైనప్పుడు కూడా ఈ పొలం బడి పద్ధతే ఆధారం. ప్రకాశం జిల్లాలో అయితే ఏపీఫామ్స్ కార్యక్రమంలో రైతులు ఇదే బడి పద్ధతిలో వాన కొలుచుకుని, బోరు నీటి మట్టం రాసుకుని, ఏ పంటకి ఎంత నీళ్ళో వాళ్ళే లెక్క కట్టుకున్నారు.

ఆ బడుల్లో పరీక్ష కాగితం మీద ఉండదు. పొలంలో పుల్లలు పాతి, ఒక్కో పుల్లకి ఒక ప్రశ్న కట్టి, దారంతో ఆకునో పురుగునో చూపిస్తారు. పక్కన మూడు డబ్బాలు ఉంటాయి. సరైన జవాబు అనుకున్న డబ్బాలో మన నంబరు చీటీ వేయాలి. చదువు రానివాళ్ళూ రాయగలిగే పరీక్ష ఇది. మనం దీన్ని రైతులకి పెడతాం. మనకి మనం పెట్టుకోం. మిరప, పత్తి శిక్షకులకి మేము పెట్టుకున్న పది పుల్లలు ఇవి:

- పైకి ముడిచిన మిరప ఆకు: తామర పురుగా, నల్లా, వైరస్సా?
- కిందికి ముడిచి కాడ సాగిన ఆకు: ఎవరి పని?
- తెల్ల కాగితం మీద తట్టిన పువ్వు: ఇందులో ఉన్నది ఏది?
- ముళ్ళముళ్ళగా ఉన్న నల్లటి పిల్ల పురుగు: మిత్రుడా, శత్రువా? (ఇది అక్షింతల పురుగు పిల్ల. పేనుబంకని తింటుంది. దీన్ని చంపమని చెప్పిన శిక్షకులున్నారు.)
- విచ్చుకోని పత్తి పువ్వు, గుడ్డి పువ్వు: లోపల ఎవరున్నారు?
- బుట్టలో వరసగా మూడు రోజులు రోజుకి 8 చొప్పున గులాబీ రంగు పురుగు రెక్కల పురుగులు పడితే: ఆగాలా, కదలాలా?
- ఆముదం ఆకు అడుగున లద్దె పురుగు గుడ్ల ముద్ద: ఏం చేయాలి?
- పసుపు అట్ట, నీలం అట్ట: తెల్లదోమకి ఏది, తామర పురుగుకి ఏది?
- రెండు బకెట్లు: ఏది వాడదగ్గ జీవామృతం, ఏది చెడిపోయింది?
- నింపిన రైతు పుస్తకం పేజీ: ఇందులో ఏం రాయలేదు?

మొదటిసారి రాసినప్పుడు నాకు పదికి ఆరు వచ్చాయి. సిగ్గనిపించింది. ఆ తప్పిన నాలుగే ఆ సీజన్‌కి నా సిలబస్ అయ్యాయి. తెలిసిన ఆరింటి మీద మళ్ళీ మళ్ళీ శిక్షణకి వెళ్ళి భోజనం చేసి రావటం కంటే తెలియని నాలుగు పట్టుకోవటం మేలు.

3. మన పాఠం మనమే వీడియోలో చూసుకోవటం

ఊళ్ళో చిన్న ప్రొజెక్టరు పెట్టి రైతు వీడియోలు చూపించే పద్ధతి మనకి తెలుసు. బెంగళూరులో మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఒక పరిశోధనగా మొదలై తర్వాత డిజిటల్ గ్రీన్ అనే సంస్థగా ఎదిగిన పద్ధతి అది. అందులో కీలకం మధ్యలో ఉన్న మనిషి. వీడియో ఆపాలి, "ఇప్పుడేం చేసింది?" అని అడగాలి, ఎవరు ఏ ప్రశ్న వేశారో రాసుకోవాలి, తర్వాత పొలానికి వెళ్ళి ఎవరు పాటించారో చూడాలి. ఆపకుండా మొత్తం ఆడించేస్తే అది సినిమా అవుతుంది, పాఠం అవదు.

ఇప్పుడు అదే కెమెరాని మన వైపు తిప్పుకుందాం. ఫోన్‌ని ఎవరికైనా ఇచ్చి, మన మీటింగ్‌లో పది నిమిషాలు తీయించుకోండి. రైతుల అనుమతి అడిగి తీయండి. ఇంటికొచ్చి చూసుకుని మూడు లెక్కలు వేయండి. నేను ఎన్ని నిమిషాలు మాట్లాడాను? రైతులు ఎన్ని నిమిషాలు మాట్లాడారు? "అర్థమైందా?" అని ఎన్నిసార్లు అడిగాను?

నాది చూసుకుంటే పదిలో తొమ్మిది నిమిషాలు నేనే మాట్లాడుతున్నాను. "అర్థమైందా" పదకొండు సార్లు. అందరూ తల ఊపారు. అర్థమైందా అంటే ఎవరైనా తలే ఊపుతారు. ఇప్పుడు ఆ మాట మానేసి "నువ్వు మీ ఆయనకి ఎలా చెబుతావో ఒకసారి చెప్పక్కా" అంటున్నాను. అప్పుడు అర్థమైందో లేదో వెంటనే తెలుస్తుంది. వీడియోలో 9వ నిమిషం దగ్గర నా పాత మీటింగ్ ముక్క పెట్టాను. నవ్వుకోండి, పర్వాలేదు.

4. సొంత చేను, తప్పులతో సహా

రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయంలో శిక్షకులుగా ఎక్కువగా ఆ పద్ధతి పాటిస్తున్న రైతుల్నే తీసుకుంటున్నారు. రైతు మాట రైతు వింటాడన్నదే దాని మూలం. అందుకని మన చేను మన పాఠ్యపుస్తకం. 20 సెంట్లు చాలు. అందులో ప్రతి ఏడాదీ ఒక కొత్త పని చేసి చూడాలి. ఒక సగంలో చేసి, ఇంకో సగంలో చేయకుండా వదిలేయాలి. అప్పుడే తేడా మనకి తెలుస్తుంది.

ముఖ్యమైన మాట: చెడిపోయినదీ చూపించాలి. నా మిరపలో చుట్టూ జొన్న వరసలు ఆలస్యంగా వేశాను. మిరప పూతకొచ్చేసరికి జొన్న మోకాలెత్తే ఉంది. అడ్డుగోడ పని చేయలేదు. ఇది చూపించినప్పుడు రైతులు అడిగినన్ని ప్రశ్నలు, నా బాగున్న చేను చూపించినప్పుడు అడగలేదు.

నల్ల తామర పురుగు విషయంలో కూడా "మా కషాయంతో పోతుంది" అని ఎవరూ చెప్పొద్దని నా మనవి. నీలి అట్టలు ముందే పెట్టటం, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ సమయానికి వేయటం, పువ్వు తట్టి చూస్తూ ఉండటం, వేప పిండి వాడటం, మిత్ర పురుగుల్ని చంపే మందులకి పోకపోవటం, ఇవన్నీ కలిస్తే ఒత్తిడి తగ్గుతుంది. తగ్గుతుంది అనాలి. పోతుంది అనకూడదు. మనం ఎక్కువ చెప్పిన ప్రతి మాటా రేపు రైతుని మందుల కొట్టు దగ్గరికే పంపిస్తుంది.

5. ఒక్క పేజీ డైరీ

సీజన్‌కి ఒక్క పేజీ. ఐదు గళ్ళు: తేదీ. ఏం కొత్తగా తెలిసింది. ఎవరి దగ్గర. దానివల్ల నా పాఠంలో ఏం మార్చాను. మార్చాక రైతు పొలంలో ఏం కనిపించింది.

నాలుగు, ఐదు గళ్ళు ఖాళీగా ఉంటే మనం శిక్షణకి వెళ్ళొచ్చాం అంతే, నేర్చుకోలేదు. మన ఫైళ్ళలో హాజరు సర్టిఫికెట్లు చాలా ఉంటాయి. మారిన పాఠాలు ఎన్ని అన్నదే లెక్క. నా 2021 పేజీలో "ఎవరి దగ్గర" అన్న గడిలో పిన్ని అని రాసి ఉంది.

ఏడాదిలో ఎప్పుడు ఏది?

మే, జూన్: తొలకరికి ముందు నవధాన్యాలు చల్లే సమయం. జీవామృతం, బీజామృతం కొలతలు చూడకుండా రాసి సరిపోల్చుకోవటం.

ఆగస్టు, సెప్టెంబరు: మిరప నాటే సమయం, పత్తి పూతకొచ్చే సమయం. పుల్లల పరీక్ష మొదటిసారి. తప్పినవి రాసుకోవటం.

నవంబరు, డిసెంబరు: పురుగు ఒత్తిడి ఎక్కువగా ఉండే సమయం. ఇద్దరు ఒకే పొలం విడివిడిగా చూడటం, నెలకి రెండుసార్లు. మన మీటింగ్ వీడియో ఒకటి.

ఫిబ్రవరి, మార్చి: కాయ కల్లానికి వచ్చాక పుల్లల పరీక్ష రెండోసారి. డైరీ పేజీ నలుగురిలో చదవటం. లాం ఫారం శాస్త్రవేత్తల్ని గానీ, దగ్గరలోని కేవీకే వాళ్ళని గానీ అడగాల్సిన ప్రశ్నలు ఒక జాబితాగా రాసుకుని వెళ్ళటం. ఉత్త చేతులతో వెళ్తే వాళ్ళు చెప్పింది విని వస్తాం. ప్రశ్నతో వెళ్తే మనకి కావాల్సింది తెచ్చుకుంటాం.

ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు. పది పుల్లలు, ముప్పై డబ్బాలు, తెల్ల కాగితం, ఫోన్, ఒక తోడు మనిషి. ఆ తోడు మనిషి మనల్ని మెచ్చుకునేవాడు కాకుండా ప్రశ్నించేవాడైతే మంచిది.

చివరిగా

ఆ తర్వాత రెండు సీజన్లకి పిన్ని మళ్ళీ మిరప వేసింది, ఈసారి ముప్పావు ఎకరమే. నవంబరులో వాళ్ళ తోటకి వెళ్ళాను. ఈసారి గట్టు మీద ఆగలేదు. లోపలికి నడిచి జేబులోంచి తెల్ల కాగితం తీసేసరికి పిన్ని నవ్వింది. తన కొంగు ముడిలోంచి మడిచిన నోటుబుక్కు కాగితం తీసింది. వారానికోసారి పది పువ్వులు తట్టి, ఎన్నింట్లో పురుగుందో గీతలు పెట్టుకుంది. నాలుగు వారాల గీతలు.

"నువ్వొచ్చేదాకా ఎవరాగుతారమ్మాయ్" అంది.

ఆ రోజు నా పుస్తకంలో "సలహా ఇచ్చాను" అని రాయలేదు. ఆవిడ గీతల్ని నా పుస్తకంలోకి ఎక్కించుకుని, ఆవిడ చేతే సంతకం పెట్టించుకున్నాను.

ఈ వారం మీకు ఇంటిపని: మీ పక్క ఊరి శిక్షకుల్ని ఒకరిని పిలిచి, ఒకే తోటలో పది పువ్వుల లెక్క విడివిడిగా వేయండి. ఇద్దరి అంకెలూ, తేడా ఎందుకొచ్చిందో వీడియో కింద రాయండి. అంకెలు కలవకపోతే దాచుకోవద్దు, అవే ముందు రాయండి. వచ్చే వారం పుల్లల పరీక్ష పత్తి చేనులో ఎలా పెట్టాలో మొదటి నుంచి చివరిదాకా వీడియో పెడతాను.

ఉంటాను మరి. నమస్కారం.